నాయన చేతులు

మన ఆత్మకథల్లో నాయన ఎప్పుడూ దెబ్బలు తినేవాడే. ఆసామి చేతిలో, పోలీసు చేతిలో. 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత కలం పట్టిన తరం ఆ దెబ్బల లెక్క రాసింది. రాయాల్సిందే. ఆ లెక్క ఇంకా తేలలేదు కూడా. అయితే అదే నాయన ఇంటికొచ్చినాక ఏం చేసినాడో నేను చదివిన పేజీలు చాలావరకు చెప్పలేదు. వాటిల్లో అమ్మ కూలికి పోతుంది, పొయ్యి ఊదుతుంది, పస్తుండి బిడ్డను సదివిస్తుంది. ఆమె వీపు మీద కమిలిన మచ్చ మాత్రం వాక్యంలోకి రాదు.

కంచ ఐలయ్య 1996లో 'వై ఐ యామ్ నాట్ ఎ హిందూ'లో ఒక వాదన చేసినారు. దళిత బహుజనుల్లోనూ మగపెత్తనం ఉంది, కానీ దెబ్బ తిన్న ఆడది బయటికొచ్చి అరవొచ్చు, మొగుణ్ణి తిట్టొచ్చు, చేతనైతే తిరిగి కొట్టొచ్చు, ఆ హక్కు ఆమెకుంది అని. ఇందులో నిజముంది. సోమల పక్క పల్లెలో పుట్టిన నాకు ఆ నిజం చెవులతో తెలుసు. మాయమ్మ వీధిలో నిలబడి మా నాయన్ను ఏడు తరాలెత్తి తిట్టేది.

నేనడిగేది ఒకటే. అరిచినాక ఏమైంది? పల్లంతా వినింది. పక్కింటవ్వ 'ఒరే, చాలు నిలపరా' అనింది. తెల్లారినాక ఇద్దరూ ఒకే ఆసామి టమోటా తోటకు కూలికి పోయినారు. మధ్యాన్నం సంగటి తినేటప్పుడు రాత్రి ఊసు ఎవరూ ఎత్తలా. 'మొగోడన్నాక ఒక దెబ్బ ఏస్తాడు మ్మే' అనేసి ఊరు ఆ కేసు కొట్టేసింది. జవాబు దొరకని అరుపును హక్కు అని రాసుకుంటే సరిపోతుందా?

ఆ దెబ్బ అమ్మ ఒక్కదానికే తగల్లేదు. మా తమ్ముడు అడ్డం పోయి తన్నులు తినేవాడు. పదైదేళ్లకే ఇంట్లో పడుకోవడం మానేసి, మామిడి తోట కావలికి పోయి, సదువు ఇడిసిపెట్టినాడు. మా నాయన ముసలితనంలో బిడ్డలతో మాట కలిపే దారి లేక గొడ్లతో మాట్లాడేవాడు. ఇప్పుడు నా తరగతిలో, నోటుపుస్తకం ఏదని దగ్గరికి పోతేనే మోచేయి అడ్డం పెట్టుకునే పిల్లోళ్లున్నారు. వాళ్లది ఒక్క కులం కాదు.

మన మగోళ్ల సంగతి మనమే చెబితే పైకులాలకు ఆయుధం ఇచ్చినట్టవుతుందని మన రచయితల భయం. అది ఉత్త భయం కాదు. 'వాళ్లంతే' అనే నోళ్లు స్టాఫ్‌రూముల్లోనే విన్నాను. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో, దేశం మొత్తం మీద 18-49 ఏళ్ల పెళ్లైన ఆడోళ్లలో 100కి 29 మంది మొగుడి చేతిలో శారీరక, లైంగిక హింస పడినోళ్లే. ఇది మన వాడకే అంటిన మచ్చ కాదు. అలాంటప్పుడు మనమే ఎందుకు దాచాల?

ఇంకొక సాకు సారా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడోళ్లు ఇంటి దెబ్బను రోడ్డుకెక్కించినారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. గొప్ప పోరాటం. అయితే దెబ్బకు సారాయే మూలమని నమ్మిన రాతల్లో, తాగని రోజు దెబ్బకు చోటు లేకపోయింది. మా నాయన తాగని రోజు కూడా కొట్టినాడు.

ఆడోళ్లు చెప్పలేదని కాదు. 1993లో 'నీలిమేఘాలు' ఇంటి గుట్టు విప్పింది. 2003లో గోగు శ్యామల 'నల్లపొద్దు'లో దళిత స్త్రీల రాతల్ని ఒకచోట చేర్చినారు. ఈ పని ఆడోళ్ల మీదే వదిలేసినారనేదే నా ఫిర్యాదు. 2005 గృహహింస చట్టం తిట్టునూ, ఆడదాని కూలి డబ్బు గుంజుకోవడాన్నీ హింసే అనింది. మన సాహిత్యం చట్టం కన్నా వెనకబడి ఉండకూడదు.

ఆత్మకథ రాసే తమ్ముళ్లారా, నాయన ఆసామి ముందర చేతులు కట్టుకున్న పేజీ రాయండి. దాని పక్కనే ఆ చేతులు ఇంట్లో చేసిన పని కూడా రాయండి. రెండూ ఒకే మనిషివి.