కండె, కార్డుల కట్ట

మెమరీని రన్‌టైమే చూసుకునే జావా, గో వంటి భాషల్లో కొత్త ఆబ్జెక్టులను సృష్టించడమే పాపమని, ఒకసారి పుట్టినదాన్ని దాచి పదేపదే వాడుకోవడమే పొదుపని చెప్పే సలహా ఈ వారమూ వినవచ్చింది. అది ఈ శీర్షికకు పాత చిరాకేనని నిత్యపాఠకులకు తెలుసు. రన్‌టైమ్ తిరిగి తీసుకునే మెమరీకి వాడే 'గార్బేజ్' అన్న మాటను 'చెత్త' అని తెనిగించడం మరో పాత చిరాకు. ప్రోగ్రామ్ ఏ దారిన వెళ్లినా చేరుకోలేని ఆబ్జెక్టునే రన్‌టైమ్ గార్బేజ్ అంటుంది. అది పనికివచ్చేదా, రానిదా అన్న విచారణ దానికి లేదు. చేరుకోగలిగినవాటికి గుర్తు పెట్టి, మిగిలిన చోటును ఖాళీ జాబితాలో కలుపుకునే ఈ పద్ధతిని లిస్ప్ భాష కోసం జాన్ మెకార్తీ 1960 నాటి వ్యాసంలో వివరించాడు.

తెలంగాణ నుంచి తరాల కిందట వలసవెళ్లిన పద్మశాలీలు స్థిరపడిన సోలాపూర్ నేతపేటల్లో, జోడ్‌భావి పేట్ వంటి చోట, పై సలహాకు బలమైన సాక్ష్యం దొరుకుతున్నట్టే కనిపిస్తుంది. చాదర్ నేసే మరమగ్గంపై నాడెలో కూర్చున్న కండె మీది పేక నూలు చూస్తుండగానే అయిపోతుంది. మగ్గం ఆపి నిండు కండెను పెట్టడం, దిగిన కండెకు అంటుకున్న పోగులను ఊడదీయడం, దాన్ని మళ్లీ చుట్టడానికి పంపడం రోజంతా సాగే పని. కండెను పారేసే నేతగాడు లేడు. అయితే ఆబ్జెక్టును కూడా ఎందుకు పారేయాలి?

ఈ పోలిక కండె దగ్గరే తెగుతుంది. కండెకు ఖరీదుంది; జావా వంటి తరాలవారీ రన్‌టైమ్‌లో, అంటే ఆబ్జెక్టులను వయసును బట్టి వేరుగా ఉంచేదానిలో, కొత్త ఆబ్జెక్టుకు చోటివ్వడం చాలాసార్లు ఒక సూచికను కొంచెం ముందుకు జరపడమే. ఎక్కువ ఆబ్జెక్టుల అక్కర అవి పుట్టిన కాసేపటికే తీరిపోతుందన్న గమనింపుపై 1984లో డేవిడ్ అంగర్ ప్రతిపాదించిన పద్ధతిలో, బతికినవాటినే మరో చోటికి నకలు తీస్తారు కాబట్టి పోయినవాటికి ఖర్చు దాదాపు ఉండదు. దాచిపెట్టిన ఆబ్జెక్టులు మాత్రం పాత తరంలోకి చేరి, అవి కొత్తవాటిని చూపిన ప్రతిసారీ రన్‌టైమ్‌కు అదనపు లెక్క రాసుకునే పని పెడతాయి. గో భాషలో గార్బేజ్‌ను సేకరించే భాగం, అంటే కలెక్టర్, తరాలను పాటించదు, ఆబ్జెక్టులను కదపదు. అక్కడ పూల్, అంటే మళ్లీ వాడుకునేందుకు దాచే డబ్బా, మేలు చేసే సందర్భాలున్నాయి. 2014లో వచ్చిన గో 1.3 అలాంటిదొకటి ఇచ్చింది కూడా. ఆ డబ్బానూ కలెక్టర్ ఖాళీ చేస్తూనే ఉంటుంది.

నేతపేట నుంచి నేర్వదగినది కండెలో కాక జాకార్డ్ కార్డుల్లో ఉంది. 1804 నాటి ఆ ఫ్రెంచి యంత్రపు పద్ధతిలో ఒక్కో కార్డు, ఒక్కో పేకకు ఏ పడుగు పోగులు లేవాలో చెబుతుంది; ఒక పువ్వుకు వందల కార్డులు దండగా గుచ్చాలి. ఆ పువ్వు అడిగేవారు లేకపోయినా, ఎప్పుడో ఎవరో అడుగుతారేమోనని కట్టను అటకమీద ఉంచి, దాని పేరు పుస్తకంలో ఉంచేస్తే, కలెక్టర్ దృష్టిలో అది చేరుకోగలిగిన వస్తువే. ఎన్నడూ తీసివేయని క్యాష్, నమోదై రద్దుకాని శ్రోత (లిజనర్), పెరుగుతూనే ఉండే మ్యాప్ ఇలాంటి కట్టలే. జావా 1998 నుంచే ఇచ్చిన బలహీన సూచిక, అంటే వస్తువును చూపుతూనే దాన్ని పట్టి ఉంచనిది, ఇలాంటి పుస్తకాల కోసమే.

ఈ దాపుడు ఖర్చు రెట్టింపవుతుంది కూడా: గో మామూలు అమరికలో 100 మెగాబైట్లు సజీవంగా నిలిచితే, తర్వాతి సేకరణకు ముందు హీప్, అంటే ఆబ్జెక్టులుండే మెమరీ, సుమారు 200 వరకు పెరగనిస్తారు. గో ప్రొఫైలర్ ఇప్పుడు నిలిచి ఉన్న మెమరీని, మొదటినుంచి కేటాయించిన మెమరీని వేర్వేరుగా చూపుతుంది. పూల్ రాయబోయేవారు మొదటిదాన్ని ముందు తెరవవలసిందిగా మనవి.