గీత ఎంత వెడల్పు?

రేడియోలో స్టేషన్ కోసం ముల్లు తిప్పుతాం. ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్ యంత్రం దగ్గర పని తిరగబడుతుంది. మైక్రోవేవ్‌ను 9.5 గిగాహెర్ట్జ్ దగ్గర కదలకుండా ఉంచి, పరిశోధకుడు అయస్కాంత క్షేత్రాన్ని మెల్లగా పెంచుతాడు. పదార్థంలో జత లేని ఎలక్ట్రాన్లుంటే చాలాసార్లు 0.34 టెస్లా పరిసరాల్లో అవి మైక్రోవేవ్‌ను మింగుతాయి, తెర మీద గీత లేస్తుంది. 1944లో కజాన్‌లో యెవ్గేనీ జవోయ్‌స్కీ రాగి, మాంగనీస్ లవణాల్లో పట్టుకున్నది దీన్నే.

గీత ఎక్కడ లేచిందో కొత్తవాళ్లూ చెప్పగలరు. చెయ్యి తిరిగినవాళ్లు దాని వెడల్పు చూస్తారు.

పొటాషియం మాంగనీస్ ఫ్లోరైడ్‌లో మాంగనీస్ పరమాణువులు చదునైన పొరలుగా పరుచుకుంటాయి. ఒకే పొరలోని స్పిన్ల, అంటే ఎలక్ట్రాన్ల బుల్లి అయస్కాంతాల, మధ్య పట్టు గట్టిది, పై పొరతో సంబంధం అంతంతమాత్రం. మూడు దిక్కులా పట్టు ఉన్న పదార్థంలో స్పిన్ల కలత త్వరగా చెదిరిపోతుంది, గీత సన్నబడుతుంది. పొరలో చెదరడానికి రెండు దిక్కులే. కలత అక్కడక్కడే తారాడుతుంది, గీత లావెక్కుతుంది. 1974లో పరిశోధకులు రిచర్డ్స్, సాలమన్ ఈ స్ఫటికం సంగతి విప్పారు: క్షేత్రం పొరకు నిలువుగా ఉంటే గీత అన్నిటికంటే వెడల్పు, దాదాపు 55 డిగ్రీలు వాలిస్తే అన్నిటికంటే సన్నం, పొర వెంబడి పెడితే మళ్లీ కొంత వెడల్పు. స్ఫటికాన్ని సగం చుట్టు తిప్పి గ్రాఫ్ గీస్తే ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరం కనబడుతుంది. ఎక్స్‌రే చూపేది పరమాణువుల అమరిక. స్పిన్లు ఆ అమరికలో ఎలా మసలుతున్నాయో ఈ వంపు చెబుతుంది.

అసలు ఓపిక కొలతలో కావాలి. స్ఫటికాన్ని క్వార్ట్జ్ కడ్డీకి రవ్వంత గ్రీజుతో అంటించి, కొద్దికొద్దిగా తిప్పుతూ పోవాలి. అంటించడంలో వాలితే కోణాలన్నీ వాలినట్టే. క్షేత్రానికి జోడించే చిన్న ఊపు, అంటే మాడ్యులేషన్, మితి మీరితే సిగ్నల్ ముచ్చటగా పెరుగుతుంది, గీత కూడా దొంగతనంగా ఉబ్బుతుంది. ఎవరికైనా ఆశ పుట్టించే మీట అది!

2017లో క్రోమియం అయొడైడ్ ఒంటి పొర 45 కెల్విన్ కింద అయస్కాంతమని తేలింది. అది తేల్చింది పొర నుంచి తిరిగొచ్చిన కాంతి. అంత చిన్న ముక్కలోని స్పిన్లు మామూలు స్పిన్ రెజొనెన్స్ యంత్రానికి ఆనవు. స్పిన్లకు ఏ దిక్కు మీదా మొగ్గు లేకపోతే సున్నా కెల్విన్‌కు పైన ఏ ఉష్ణోగ్రతలోనూ ఒంటి పొరకు అయస్కాంతత్వం నిలవదని 1966లోనే మెర్మిన్, వాగ్నర్ లెక్కగట్టారు. మరి ఈ పొరలో నిలువు మొగ్గు ఎక్కడిది? దాన్ని వెతకడానికి దొంతర స్ఫటికాన్నే 240 గిగాహెర్ట్జ్ దగ్గర పెట్టి, మళ్లీ కోణం కోణంగా తిప్పి చూశారు.