బుల్‌పప్ చేతికి వచ్చేదాకా

అమెరికా సైన్యం వాడిన ఎం16ఏ2 రైఫిల్ పొడవు 1006 మిల్లీమీటర్లు. అందులో గొట్టం 508. బ్రిటిష్ సైనికుడి చేతిలో ఉండే ఎల్85 పొడవు 785 మిల్లీమీటర్లే, కానీ దాని గొట్టం 518. తుపాకీ జానెడు పొట్టిది, గొట్టం మాత్రం సెంటీమీటరు పొడుగు. ఈ గారడీకి కిటుకు ఒక్కటే. తూటాను పేల్చే యంత్రాంగాన్నీ, మ్యాగజైన్‌నూ ట్రిగ్గర్ వెనక్కి జరిపి, మామూలుగా ఖాళీగా ఉండే మడమలో సర్దేశారు. ఈ అమరికనే బుల్‌పప్ అంటారు. పశ్చిమ జర్మనీలో కవచ వాహనాల్లో కిక్కిరిసి కూర్చునే సైనికుడికీ, ఉత్తర ఐర్లండ్ వీధుల్లో గుమ్మాల్లోంచి దూరి వెళ్లే సైనికుడికీ ఆ జానెడు చాలా విలువైనదిగా ఉండేది.

జానెడు ఊరికే రాలేదు. రేంజ్‌లో శిక్షకుడు నేర్పే కదలికల్లో సగం దాని తాలూకు బాకీ తీర్చడానికే. ఎల్85లో ఖాళీ డొల్లలు కుడివైపుకే ఎగురుతాయి. బోల్టుతో పాటు దాన్ని లాగే మీట కూడా ప్రతి తూటాకూ కుడివైపున ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. యంత్రాంగం ఉన్నది చెంప పక్కనే. ఎడమ భుజానికి ఆనించి కాల్చిన మనిషికి వేడి డొల్ల, ఇనప మీట రెండూ ముఖానికే తగులుతాయి. అందుకే బ్రిటిష్ సైన్యంలో ఎడమచేతివాటం మనిషి కూడా కుడి భుజం మీదే కాల్చాలి. ఆస్ట్రియా వారి స్టెయిర్ ఆగ్‌లో బోల్టు మారిస్తే డొల్లలు ఎడమవైపుకు పడతాయి. ఫ్రెంచి ఫామాస్‌లోనూ ఆ వీలుంది. ఎల్85కు ఆ సదుపాయం ఇవ్వలేదు. డిజైన్‌లోని ఈ లోటును శిక్షణతో కప్పిపుచ్చారనే అనాలి.

మీట కుడివైపున ఉంది, కుడిచేయి పిడిని వదలకూడదు. ఇక మిగిలింది ఎడమచేయి. తుపాకీని ఎడమవైపుకు వంచి, ఎడమచేతిని పైనుంచి అవతలికి పోనిచ్చి మీటను వెనక్కి లాగి వదులుతారు. చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. మామూలు రైఫిల్‌కు అలవాటు పడ్డ చేయి మొదట్లో మ్యాగజైన్‌ను కూడా ట్రిగ్గర్‌కు ముందే వెతుకుతుంది. అక్కడ ఏమీ ఉండదు. మోచేయి మడిచి, చంక దగ్గర తడుముకుని మార్చాలి. మన ఎన్‌సీసీలో .22 రైఫిల్ పట్టినవారికి బోల్టు ట్రిగ్గర్‌కు పైనే, కళ్లెదుటే ఉంటుంది. బుల్‌పప్‌లో అది చెవికి దగ్గర, కంటికి దూరం. చాంబర్‌లో ఏముందో చూడాలంటే తుపాకీని భుజం మీంచి దించి తీరాలి.

చూడటం దగ్గర బ్రిటిష్ పద్ధతి మహా మొండిది. తుపాకీ చేతులు మారినా, ఆయుధాగారం నుంచి తీసుకున్నా, తిరిగి అప్పగించినా అదే తంతు. గొట్టాన్ని నిరపాయమైన దిక్కుకు తిప్పాలి, సేఫ్టీ వేయాలి, మ్యాగజైన్ తీయాలి, బోల్టును వెనక్కి లాగి పట్టి మూడు చోట్ల చూడాలి: చాంబర్, లోపలి ఖాళీ, బోల్టు ముఖం. శిక్షకుడు కూడా వంగి చూస్తాడు. ఆ తర్వాతే బోల్టును ముందుకు వదిలి, సేఫ్టీ తీసి, అదే దిక్కుకు ట్రిగ్గర్ నొక్కి, దుమ్ము మూతను మూస్తారు. ‘ఇందాకే చూశాను’ అన్న మాటకు అక్కడ చెల్లుబాటు లేదు. రేంజ్ మీద ఎర్రజెండా ఎగురుతున్నంతసేపూ పదేళ్ల సర్వీసున్న సార్జెంటూ ఇదే చేస్తాడు, నిన్న చేరిన కుర్రాడూ ఇదే చేస్తాడు. ఈ సంప్రదాయం మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. జ్ఞాపకశక్తి మీద ఎవరి ప్రాణాన్నీ పెట్టదు.

గురికి నాలుగు సూత్రాలు చెబుతారు. మొదటిది, తుపాకీ బరువును మోయగలిగేంత స్థిరంగా ఉండాలి మన భంగిమ, పట్టు. రెండోది, కండరాలతో లాక్కోకుండానే తుపాకీ సహజంగా లక్ష్యం వైపు చూడాలి. మూడోది, కంటికీ గురికీ పొందిక సరిపోవాలి. నాలుగోది, భంగిమ చెదరకుండా తూటా వెళ్లాలి, వెళ్లాక కూడా ఆ పట్టు క్షణంపాటు నిలవాలి. రెండో సూత్రాన్ని పరీక్షించే తీరు తేలిక. బోర్లా పడుకుని గురిచూసి, కళ్లు మూసుకుని రెండు ఊపిరులు తీసి, మళ్లీ తెరవాలి. గురి పక్కకు తొలిగి ఉంటే చేతులతో సర్దకూడదు, నడుము కిందినుంచి ఒళ్లంతా జరగాలి. బుల్‌పప్‌కు బరువంతా వెనకే, భుజం దగ్గరే. ముందుభాగం తేలిగ్గా లేస్తుంది కాబట్టి పట్టు కుదిరిందని త్వరగా భ్రమ పడతాం. పైగా ట్రిగ్గర్ ఒకచోట, సుత్తి ఇంకొకచోట. మధ్యలో పొడవాటి కడ్డీ ఒకటి ఆ నొక్కుడును వెనక్కి మోసుకెళ్తుంది. అందువల్ల బుల్‌పప్‌లలో ట్రిగ్గర్ మొద్దుగా ఉంటుందని పేరు. నాలుగో సూత్రం మీద శిక్షకులు ఎక్కువ కాలం గడిపేది అందుకే.

తొలి పాఠంలో లక్ష్యం నడిబొడ్డున తగలాలని ఎవరూ అడగరు. ఐదు తూటాలూ ఒకే చోట గుంపుగా పడాలని అడుగుతారు. ఆ గుంపు మూలన పడ్డా ఫరవాలేదు, గురి పరికరాన్ని తిప్పి దాన్ని నడిమికి తేవచ్చు. గుంపే కుదరకపోతే దిద్దాల్సింది మనిషిని.

ఈ బోధన వెనక పాత చరిత్ర ఉంది. 1853లో కెంట్ తీరంలోని హైథ్‌లో మస్కెట్రీ పాఠశాల పెట్టారు. దాని వారసులే నేటి స్మాల్ ఆర్మ్స్ స్కూల్ కోర్. 1914 నాటికి బ్రిటిష్ పదాతి సైనికుడు 300 గజాల దూరానికి లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌తో నిమిషంలో 15 తూటాలు గురిచూసి కాల్చేలా తయారయ్యాడు. బుల్‌పప్ ఆలోచనా బ్రిటిష్ వాళ్లకు కొత్త కాదు. ఈఎం-2 అనే బుల్‌పప్‌ను 1951లో సైన్యానికి ఖాయం చేసి, చర్చిల్ ప్రభుత్వం రాగానే పక్కన పెట్టేశారు. అమెరికాతో తూటా కొలత మీద వచ్చిన పేచీ దానికి ఉరితాడయింది. ఆ ఆలోచన మళ్లీ తుపాకీగా సైనికుడి చేతికి రావడానికి 1985 దాకా పట్టింది.

వచ్చాక పరువు పోయింది. మొదటి రకం, ఎల్85ఏ1, ఇసుకలో మొరాయించేది. మ్యాగజైన్ విడిపించే మీట ఒంటికి రాసుకుంటే చాలు, మ్యాగజైన్ జారి కింద పడేది. దోమల మందు తగిలి ప్లాస్టిక్ భాగాలు పాడయ్యేవి. చివరికి జర్మనీకి చెందిన హెక్లర్ అండ్ కోక్ సంస్థ సుమారు 2,00,000 తుపాకులను విప్పి, బోల్టు, స్ప్రింగులు, గ్యాస్ భాగాలు, మ్యాగజైన్ మార్చి ఏ2గా తిరిగి ఇచ్చింది. ఎగిరే డొల్ల తగిలి వెనక్కి రాకుండా మీటకు కామా ఆకారం వచ్చింది కూడా అప్పుడే. అయినా 2002లో అఫ్ఘానిస్థాన్‌లో రాయల్ మెరైన్లు మళ్లీ ఫిర్యాదు చేశారు. నిపుణులు అక్కడికే వెళ్లి చూశాక చర్చ తుడవడం, నూనె వేయడం మీదికి మళ్లింది.

కాబట్టి తుడవడం గురించి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. తుపాకీ ఖాళీ అని తేల్చుకున్నాక వెనకాల పిన్నును నెట్టాలి. అది ఊడిపోదు, పక్కకు జరిగి అక్కడే ఉంటుంది. సైనికులు చీకట్లో వెతుక్కోకుండా చేసిన మంచిపని అది. ట్రిగ్గర్ ఉన్న కింది సగం ముందు పిన్ను మీద వేలాడుతూ తెరుచుకుంటుంది. స్ప్రింగుల కడ్డీ లాగాలి, మీట తీయాలి, బోల్టు మోసే దిమ్మె వెనకనుంచి జారి వస్తుంది. దాన్నుంచి ఫైరింగ్ పిన్, బోల్టు విడదీయాలి. గొట్టం పైన గ్యాస్ ప్లగ్, సిలిండర్, పిస్టన్ ఉంటాయి. తీసిన భాగాలను తీసిన వరుసలోనే గుడ్డ మీద పరుస్తారు. బిగించేటప్పుడు ఆ వరుసను వెనక్కి చదివితే సరి. తాడుకు ఫ్లానెల్ గుడ్డ ముక్క కట్టి చాంబర్ వైపునుంచి మూతి వైపుకు లాగాలి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా లాగుతూనే ఉండాలి. చాంబర్‌కు వేరే బ్రష్షు. మసి మొండిగా పేరుకునేది పిస్టన్ మీద, బోల్టు ముఖం మీద, బోల్టు పళ్ల సందుల్లో. సోమరి అక్కడే దొరికిపోతాడు. కదిలే భాగాలకు నూనె ఉండాలి, కాల్చబోయే ముందు గొట్టం, చాంబర్ మాత్రం పొడిగా ఉండాలి. ఎడారిలో నూనె వేస్తే ఇసుక అంటుకుంటుందన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. ఏ2కు మాత్రం తడి ఉంటేనే మేలని తేలింది. తుపాకీ మరీ మొరాయిస్తే గ్యాస్ ప్లగ్‌ను పెద్ద రంధ్రం వైపు తిప్పే వీలుంది. తుడవాల్సిన పనికి దాన్ని బదులుగా వాడేవాళ్లంటే శిక్షకులకు ఒళ్లుమంట.

బ్రిటన్‌లో పౌరులెవరూ ఇలాంటి తుపాకీ కొనలేరు. హంగర్‌ఫర్డ్ పట్టణంలో జరిగిన కాల్పుల తర్వాత 1988లో తెచ్చిన చట్టం ఇలాంటివాటి సెమీ ఆటోమేటిక్ రకాలను కూడా నిషేధించింది. క్యాడెట్లకు మాత్రం ఒక్కొక్క తూటాగానే కాల్చే ఎల్98ఏ2 ఇస్తారు. అక్కడ స్థిరపడ్డ తెలుగు ఇళ్ల పిల్లలు క్యాడెట్లలో చేరితే పట్టుకునేది దాన్నే. మన దేశంలో ఇజ్రాయెల్ బుల్‌పప్ టవోర్‌ను నౌకాదళ మార్కోస్ దళాలు వాడతాయి. వాటికి భీమునిపట్నం దగ్గర ఐఎన్‌ఎస్ కర్ణ అనే స్థావరం ఉంది.

బుల్‌పప్ ఊపు మాత్రం తగ్గుతోంది. ఫ్రాన్స్ 2017 నుంచి ఫామాస్‌ను దించేస్తూ మామూలు అమరిక ఉన్న హెచ్‌కే416కు మళ్లింది. చైనా కూడా తన బుల్‌పప్ నుంచి మామూలు రైఫిల్‌కు మారుతోంది. బ్రిటన్ సైతం ఎల్85 వారసుడి కోసం వెతుకుతోంది. ఆ వచ్చేది మామూలు అమరికదే అయితే నాలుగు సూత్రాలూ, మూడు చోట్ల చూడటమూ ఉన్నపళంగా దానికి సరిపోతాయి. పైనుంచి వెళ్లి మీటను లాగే ఎడమచేతిని మాత్రం శిక్షకులు మళ్లీ కింద పెట్టించాలి, అది కొన్నాళ్ల పని.