ఉక్కు ఫ్రేము పుట్టుపూర్వోత్తరాలు

పాత మౌంటెన్ బైకు ఫ్రేము చేతికొస్తే అందరి కళ్లూ ముందు స్టిక్కరు మీదికే పోతాయి. స్టిక్కరు ఎవరైనా అంటిస్తారు, ఎవరైనా పీకేస్తారు. రంగు సంగతీ అంతే. పేరు కనబడలేదని తుక్కులో పడేసిన మేలైన ఫ్రేములూ ఉన్నాయి, పేరు చూసి మోజుపడి కొన్న నాసిరకం గొట్టాలూ ఉన్నాయి. నేను నమ్మేది కొలతల్ని. గొట్టం మందం, అతుకు తీరు, లోపలి మరలు ఒక పట్టాన మారవు.

ఆ కొలతలు ఏడాదిని ఎలా పట్టిస్తాయో తెలియాలంటే ఈ బండి కథ కాస్త తెలియాలి. 1970లలో కాలిఫోర్నియాలోని మెరిన్ కౌంటీలో, టామల్పైస్ కొండ చుట్టుపక్కల కుర్రాళ్లు ముప్ఫై నలభై ఏళ్ల కిందటి ష్విన్ ఎక్సెల్సియర్ లాంటి బరువైన సైకిళ్లు సంపాదించి మట్టిదారుల్లో దౌడు తీసేవారు. 1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ దగ్గర రీప్యాక్ పందెం మొదలైంది. కొండ దిగేసరికి వెనక హబ్‌లోని బ్రేకు కాగి గ్రీజంతా పొగైపోయేది. ఆ పాత ఫ్రేములు ఈ మోటు వాడకానికి పుట్టినవి కావు. అందుకే 1977లో జో బ్రీజ్ క్రోమోలీ ఉక్కుతో, కొండదారి కోసమే ఒక ఫ్రేము కట్టాడు. అది ఇప్పుడు స్మిత్‌సోనియన్ వారి మ్యూజియంలో ఉంది. 1979లో టామ్ రిచీ కట్టిన ఫ్రేములతో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ వ్యాపారం పెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ జపాన్‌లో తయారు చేయించిన స్టంప్‌జంపర్‌తో ఈ బండి మామూలు దుకాణాలకి చేరింది. 1985 ప్లాజా ఒప్పందం తర్వాత యెన్ ఖరీదై, చాలా కంపెనీల పని జపాన్ నుంచి తైవాన్‌కి మళ్లింది. ఈ హడావుడిలో కొలతలు ఒకచోట నిలవలేదు. అదే మనకి మేలైంది.

ఇప్పుడు నా ముందున్న ఫ్రేము మీద ఎవరో బ్రష్షుతో నల్ల రంగు పూశారు. పేరు లేదు. తిరగేసి చూస్తే వెనక బ్రేకు మేకులు సీటు దగ్గర కాకుండా కింద, పెడల్ ఇరుసు వెనకున్న జంట గొట్టాల అడుగున ఉన్నాయి. యూ-బ్రేకు కోసం పెట్టినవి అవి. బురదంతా అక్కడే పేరుకుపోతుందని తెలిసి త్వరలోనే మానేశారు. ఎక్కువగా కనబడేది 1986 నుంచి 88 దాకా. వెనక చక్రం కూర్చునే సందు 130 మిల్లీమీటర్లు. ఆ దశాబ్దం చివరికొచ్చేసరికి అది 135 అయింది. ఫోర్క్ మెడ గొట్టం అంగుళమే. అంగుళం మీద ఎనిమిదో వంతు లావున్నది 1990 ప్రాంతంలో పాతుకుంది. పెడల్ క్రాంకు లోపలి వైపు రెండక్షరాల ముద్ర: ఎల్, డి. షిమానో లెక్కలో మొదటి అక్షరం సంవత్సరం, ఏ అంటే 1976, రెండోది నెల. అంటే 1987 ఏప్రిల్. అయితే క్రాంకు మార్చుకోగల వస్తువు. దాని సాక్ష్యం ఒక్కటే అయితే చెల్లదు, ఫ్రేముతో పొంతన కుదిరాకే నమ్మాలి. ఇక్కడ కుదిరింది.

నాణ్యత తేల్చేది సీటు గొట్టం. ఇలాంటి ఫ్రేముల్లో దాని బయటి వ్యాసం చాలావరకు 28.6 మిల్లీమీటర్లు. లోపల దిగే సీటు కడ్డీ 27.2 అయితే గొట్టం గోడ 0.7కి మించదు, మంచి ఉక్కు. కడ్డీ 25.4 అయితే గోడ ఒకటిన్నర మిల్లీమీటరు దాకా ఉంటుంది, అది చౌక ఉక్కు. దీనికి 26.8 కడ్డీ బిగువుగా దిగింది. మేలురకమే. పై గొట్టం మీద గోటితో కొట్టుకుంటూ వెళితే చివర్లలో ఒక చప్పుడు, మధ్యలో ఇంకో చప్పుడు వస్తుంది. అతుకు పడేచోట మందంగా, నడుమ పల్చగా గొట్టం తీసే ఈ పద్ధతికి ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ రేనాల్డ్స్ 1897లోనే పేటెంటు పొందాడు. ఫోర్క్ ఊడదీస్తే మెడ గొట్టం మీద టాంగే ముద్ర కనబడింది. అది ఫోర్క్ జపాన్ టాంగే వాళ్లదని చెప్తుంది, ఫ్రేము గురించి ఏమీ చెప్పదు. ఈ తేడా పట్టించుకోకుండా ధర పెంచి అమ్మేవాళ్లంటే నాకు ఒళ్లుమంట.

అతుకులు చూస్తే చేప పొలుసుల్లా వరసలు తేలిన టిగ్ వెల్డింగు. రిచీ లాంటివాళ్లు ఇత్తడి కరిగించి, ఆకురాయితో నున్నగా దిద్దిన అతుకుల అందం వేరు. కానీ శుభ్రంగా చేసిన టిగ్‌ని తక్కువగా చూడనక్కర్లేదు.

ఇక బాగుచేయడం. కొత్త సామాను కొనకముందే తేల్చుకోవాల్సింది ఫ్రేము వంకర. వెనక ఇరుసు పట్టే కొక్కెం నుంచి దారం తీసి, ముందు మెడ గొట్టం చుట్టూ తిప్పి, రెండో వైపు కొక్కేనికి బిగించి కట్టాలి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య ఎడం రెండు వైపులా ఒకటే రావాలి. రాకపోతే ఉక్కు కాబట్టి వంచి సరిచేయొచ్చు. 135 హబ్ పట్టాలన్నా అదే దారి: ఒక్కో వైపు రెండున్నర మిల్లీమీటర్లు, పొడవాటి కడ్డీతో మెల్లగా, ప్రతిసారీ కొలుస్తూ విప్పార్చాలి. తర్వాత రెండు కొక్కేలూ ఎదురెదురుగా సమంగా నిలిచేలా దిద్దాలి. అల్యూమినియం ఫ్రేముతో ఈ పని తలపెట్టకూడదు, పగులు పడుతుంది. కార్బన్ అసలు వంగదు. పగిలిన ఉక్కు గొట్టాన్ని కోసి కొత్తది వేసే పనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మన ఊళ్లలో గ్యాసు మంటతో, ఇత్తడి కడ్డీతో అతికే మేస్త్రీ చేతిలో ఉన్నదీ ఈ విద్యే. పల్చటి గొట్టానికి వేడి ఎక్కువ తగలకుండా చూసే ఓపిక మాత్రం అదనంగా కావాలి.

పెడల్ ఇరుసు గూట్లో కుడివైపు మర ఎడమ మర. అది తెలియక మామూలుగా ఎడమకి తిప్పితే విప్పడానికి బదులు ఇంకా బిగించేస్తారు. గూడు ఖాళీ అయ్యాక లోపలి తుప్పు చూడాలి, నీరు చేరేది అక్కడే. సీటు కడ్డీ పట్టేసి ఉంటే ఓపిక పట్టాల్సిందే. అల్యూమినియం, ఉక్కు తడిలో ఏళ్ల తరబడి ఆనుకుని ఉంటే తెల్లటి పొట్టు పుట్టి బిగుసుకుపోతాయి. సన్నగా పాకే నూనె పోస్తూ, రోజుల తరబడి నాననిస్తూ తిప్పి చూడాలి. ఏమీ పనిచేయకపోతే చివరికి కాస్టిక్ సోడా: అది అల్యూమినియాన్ని తినేసి ఉక్కుని వదిలేస్తుంది, అయితే తగిలినచోట రంగునీ లేపేస్తుంది. మండే వాయువు వస్తుంది, కాబట్టి ఆరుబయట, చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకునే చేయాలి.

ఫోర్క్ విషయంలో నా మాట ఖచ్చితం. ఈ కాలపు ఫ్రేములు ఇరుసు నుంచి మెడ దాకా సుమారు 400 మిల్లీమీటర్లుండే గట్టి ఫోర్క్ కోసం గీసినవి. పొడుగాటి సస్పెన్షన్ ఫోర్క్ తగిలిస్తే ముందు భాగం లేచి, హ్యాండిల్ తిరగడం మందగిస్తుంది, మెడ దగ్గర భారం పెరుగుతుంది. పాత ఫోర్కే ఉంచి, పట్టినంత లావు టైరు వేసి గాలి కాస్త తగ్గిస్తే కుదుపు చాలావరకు అదే తగ్గుతుంది.

రంగు చివరి పని. ఈ నల్ల పూత కింద గోకితే ఆకుపచ్చ తగిలింది, దాని మీద ఒకటి రెండు అక్షరాల అంచు కూడా. అందుకే ఇసుకతో కొట్టించి పౌడర్ కోటింగుకి ఇవ్వడం లేదు. మెత్తటి గుడ్డా ద్రావకమూ పట్టుకుని, అడుగుపొర చెదరకుండా పై పూత ఒక్కటే జానెడు జానెడు తీస్తున్నాను. గొట్టాల లోపల తుప్పు నిరోధక నూనె పోసి, అటూ ఇటూ తిప్పి, రాత్రంతా తలకిందులుగా వేలాడదీశాను.