ఒక్క మీటతో కార్డ్: ఎంతవరకు సంగీతం?

4.1 విషయ ప్రవేశం

ఎలక్ట్రానిక్ కీబోర్డు కొన్నవారు తొలిరోజే మురిసిపోయే సదుపాయం ఒకటి ఉంది. ఎడమ వైపు ఒక్క మీట నొక్కితే చాలు, మూడు స్వరాల కార్డ్ మోగుతుంది. కావాలంటే బాస్, తాళవాద్యాలు కూడా తోడవుతాయి. కొందరు గురువులు దీన్ని అడ్డదారి అని తోసిపుచ్చుతారు. అమ్మేవారు "ఎవరైనా వాయించవచ్చు" అంటారు. ఈ రెండు తీర్పులనూ పరీక్షించకుండా అంగీకరించలేం. గురువు దగ్గర లేకుండా నేర్చుకునే మీవంటి వారికి ఈ పరీక్ష మరింత అవసరం.

4.2 పనిచేసే తీరు

ఈ ఆలోచన పాతదే. హామండ్ సంస్థ 1950లో తెచ్చిన కార్డ్ ఆర్గాన్‌లో ఎడమచేతికి కార్డ్ బొత్తాలు ఉండేవి. తరువాతి కీబోర్డుల్లో రెండు పద్ధతులు ప్రసిద్ధం. యమహా పద్ధతిలో మూలస్వరం ఒక్కటే నొక్కితే మేజర్. దానికి ఎడమన ఉన్న దగ్గరి నల్లమీట కలిపితే మైనర్. దగ్గరి తెల్లమీట కలిపితే సెవెన్త్. కాసియో పద్ధతిలో మూలస్వరానికి కుడివైపు ఏదైనా ఒక మీట కలిపితే మైనర్, రెండు కలిపితే సెవెన్త్.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మీరు యంత్రానికి చెప్పింది ఒక్క స్వరం. మిగిలిన రెండూ అది ఊహించుకున్నవి. మీరు మరేమీ చెప్పకపోతే దాని ఊహ ఎప్పుడూ మేజరే. మూడు మేజర్ కార్డులతో నడిచే పాశ్చాత్య జనప్రియ గీతాలకు ఆ ఊహ చక్కగా సరిపోతుంది. రాగానికి సరిపోతుందా?

4.3 మోహనంతో పరీక్ష

తెల్లమీట సి ని షడ్జంగా తీసుకోండి. మోహనంలో స్వరాలు ఐదు: షడ్జం, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం, చతుశ్రుతి ధైవతం. వీటిని ఒక్కొక్కటిగా ఒక్క వేలితో నొక్కి చూద్దాం.

షడ్జం: స, గ, ప మోగుతాయి. అన్నీ రాగంలోనివే.
రిషభం: ప్రతి మధ్యమం వచ్చి చేరుతుంది.
గాంధారం: శుద్ధ ధైవతం, కాకలి నిషాదం రెండూ వస్తాయి.
పంచమం: కాకలి నిషాదం వస్తుంది.
ధైవతం: శుద్ధ రిషభం వస్తుంది.

అంటే ఐదింటిలో నాలుగు చోట్ల అన్యస్వరం చొరబడింది. ధైవతం మీద మైనర్ ఎంచుకుంటే ద, స, గ వస్తాయి కాబట్టి అది రాగంలో ఇముడుతుంది. సినిమా సంగీత దర్శకులు అన్యస్వరమున్న కార్డులు వాడరా అని మీరు అడగవచ్చు. వాడతారు, తెలిసే వాడతారు. అక్కడ ఎంపిక మనిషిది, ఇక్కడ యంత్రానిది. విమర్శ అంతా ఈ తేడా మీదనే నిలుస్తుంది.

4.4 చేతికి అందనిది

స మేజర్‌లో స, గ, ప. మ మేజర్‌లో మ, ద, స ఉంటాయి. మూడు వేళ్లతో వాయిస్తే షడ్జం మీది వేలు కదలదు. గాంధారం నుంచి మధ్యమానికి, పంచమం నుంచి ధైవతానికి రెండు వేళ్లు మాత్రం జరుగుతాయి. రెండు కార్డుల చుట్టరికం చేతికే తెలుస్తుంది. ఒక్క వేలితో వాయించేవారికి అది ఒక మీట నుంచి మరో మీటకు దూకడం మాత్రమే. శబ్దం వస్తుంది, సంబంధం తెలియదు.

4.5 న్యాయమైన అంచనా

అయినా ఈ సదుపాయాన్ని కొట్టిపారేయలేం. వేళ్లు సరిగా వంగని వృద్ధులకు, ఒక చేయి మాత్రమే పనిచేసేవారికి ఇది పాటలో చోటు ఇస్తుంది. భజనలోనో ప్రార్థనలోనో పాడుతూ తోడు వాయించుకునేవారికి ఆసరా అవుతుంది. కార్డ్ ఎక్కడ మారాలో చెవికి పట్టించడానికి కూడా ఉపకరిస్తుంది. లోపం మీటలో లేదు; అది ఇచ్చిన జవాబును ప్రశ్నించకుండా తీసుకోవడంలో ఉంది. కాబట్టి ఒక వేలితో వాయించిన ప్రతి కార్డునూ ఒకసారి మూడు వేళ్లతో వెతికి పట్టుకోండి. అందులో ఏ స్వరాలున్నాయో పేర్లతో చెప్పండి. అప్పుడు ఆ మీట మీకు పనిముట్టు అవుతుంది.

4.6 అభ్యాసం

1. హిందోళంలోని ఐదు స్వరాల మీద మేజర్, మైనర్ కార్డులు పరీక్షించండి. రాగంలో పూర్తిగా ఇమిడేవి రెండే ఎందుకు? షడ్జం మీద ఒక్కటీ ఎందుకు కుదరదు? (సూచన: ఈ రాగంలో లేని స్వరాలు ఏవి?)
2. "ఎంపిక మనిషిదా, యంత్రానిదా" అన్న ప్రశ్నను మీకు తెలిసిన ఒక పాటకు అన్వయించి పది పంక్తుల్లో రాయండి.