గుర్రం కులం, సాక్షి మాట: అరబ్బు గుర్రాల గ్రంథాలపై ఒక పరిశీలన

ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలోని రాజనీతి ఘట్టం చదివిన విద్యార్థులకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. దూరదేశాల నుంచి ఏనుగులనూ గుర్రాలనూ ఓడలపై తెచ్చే వర్తకులకు ఊళ్లూ, పట్టణంలో మంచి ఇళ్లూ ఇచ్చి, కొలువులో మన్నించి, లాభం చూపించి మనవాళ్లుగా చేసుకోవాలనీ, లేకపోతే ఆ జంతువులు శత్రువుల పాలవుతాయనీ కృష్ణదేవరాయలు చెబుతాడు. ఇది కవి ఊహ కాదు. విజయనగర రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడనీ, వాటిలో హోర్ముజ్ నుంచి వచ్చినవీ, ఈ దేశంలో పుట్టినవీ ఉండేవనీ పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ 1535 ప్రాంతంలో రాశాడు. పారసీకంలో అరబ్బుకు ‘తాజీ’ అని పేరు. మన కావ్యాలలో మేలు గుర్రానికి వాడే ‘తేజీ’ ఆ మాటకు చుట్టమేనని మేము భావిస్తున్నాము.

ఇంత సొమ్ము పోసి కొన్న గుర్రాల తల్లిదండ్రుల పేర్లు మాత్రం మన సాహిత్యంలో ఎందుకు కనబడవు? మనుమంచి భట్టు హయలక్షణ విలాసమనే పద్యగ్రంథమే రాశాడు. తంజావూరు సరస్వతీ మహలు వారు నకులుని పేరిట ఉన్న అశ్వశాస్త్రాన్ని 1952లో రంగుల బొమ్మలతో అచ్చువేశారు. ఈ శాస్త్రాల చూపంతా గుర్రం ఒంటి మీద ఉంటుంది. రంగు, సుడులు, పళ్లు, నడక, సకిలింత, ఇవీ వాటి విషయాలు. దేవమణి ఎక్కడుంది, పంచకల్యాణి అవునా కాదా అన్నది ప్రశ్న. అమరకోశం ‘ఆజానేయ’ శబ్దానికి కులీనమైన గుర్రమనే అర్థం చెబుతుంది, కాని ఆ వెంటనే గుర్రాలకు దేశాల పేర్లు చెబుతుంది: వనాయుజాలు, పారసీకాలు, కాంభోజాలు, బాహ్లికాలు. అంటే మనకు గుర్రం కులం దాని దేశమే. ఓడ దిగిన గుర్రానికి అమ్మమ్మ ఎవరని అడగడానికి రేవులో సాక్షి లేడు. సాక్షి లేనిచోట శాస్త్రం లక్షణాన్ని పట్టుకుంది. మా అభిప్రాయంలో ఇది లోపం కాదు, పరిస్థితి నేర్పిన పద్ధతి.

ఆ గుర్రాలు బయలుదేరిన చోట పద్ధతి వేరు. అరేబియా ఎడారిలోని బెదూయీ తెగలు గుర్రాన్ని తల్లి వైపు నుంచి లెక్కించేవి. కుహైలాన్, సక్లావీ, ఉబయ్యాన్, హమ్దానీ, హద్బాన్ అనే శాఖలు ప్రసిద్ధం. పిల్ల ఏ శాఖదో నిర్ణయించేది తల్లి. తండ్రి ఎంత గొప్పవాడైనా శాఖ పేరు మార్చలేడు. దాడికి పోయే యోధుడు ఎక్కేది కూడా గోడిగనే. ఈ లెక్కకు ఆధారం పుస్తకం కాదు, తెగ పెద్ద నోటి మాట, నలుగురి ఎదుట చేసిన ప్రమాణం.

ఈ నోటి మాట ఇంగ్లీషు అచ్చులోకి ఎలా ప్రవేశించిందో, ప్రవేశించి ఎలా మారిందో పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం. అందుకు ఒక తల్లీకూతుళ్ల గ్రంథాలను తీసుకుంటున్నాము.

తల్లి లేడీ అన్ బ్లంట్. కవి బైరన్‌కు మనుమరాలు, గణితవేత్త ఏడా లవ్‌లేస్‌కు కుమార్తె. భర్త విల్‌ఫ్రిడ్ స్కావెన్ బ్లంట్‌తో కలిసి 1877-78లో యూఫ్రటీస్ తీరపు తెగల మధ్య, 1878-79లో నెజ్ద్‌లోని హాయిల్ వరకు ప్రయాణించింది. 1878లో ఇంగ్లండులోని ససెక్స్ మండలంలో క్రాబెట్ అశ్వశాలను ఆ దంపతులు స్థాపించారు. ఆమె గ్రంథాలు రెండు: ‘యూఫ్రటీస్ బెదూయీ తెగలు’ (1879), ‘నెజ్ద్ యాత్ర’ (1881). అరబ్బీ నేర్చి, అబూజైద్ కథాచక్రంలోని గోడిగ దొంగతనం కథను అనువదించగా భర్త పద్యాలు కట్టాడు (1892). ముఅల్లఖాత్ అనే ప్రాచీన ఖండకావ్యాల అనువాదం కూడా ఈ విధంగానే 1903లో వెలువడింది. వాటిలో ఇమ్రుల్ ఖైస్ కావ్యంలోని అశ్వవర్ణన అరబ్బీ సాహిత్యంలో పేరుపొందినది. గుర్రాలు కొన్న చేతులే ఆ గుర్రాల కవిత్వాన్ని కూడా మోసుకువచ్చాయన్నది సాహిత్య విద్యార్థులు గమనించదగిన విషయం.

యాత్రాగ్రంథాలలో మమ్మల్ని ఆకట్టుకున్నది ఆమె సందేహం. ఫలానా గోడిగ ఫలానా శాఖదని ఎవరు చెప్పారు, చెప్పినవాడు అమ్మేవాడా, ఇరుగుపొరుగువాడా, పక్క గుడారంలో అడిగితే ఏమన్నారు అన్న విచారణ ఆమెకు అలవాటు. గుర్రం అందంగా ఉన్నా సాక్ష్యం కుదరకపోతే కొనడం మానుకోవలసిందే. పొగడ్త ఉంది, కాని పొగడ్త వెనుక మనిషి కనబడతాడు.

అయితే ఈ గ్రంథాల ముఖపత్రాన్ని కూడా చదవాలి. మొదటి గ్రంథానికి సంపాదకుడు భర్త. పీఠికా, అరబ్బులను గురించీ వారి గుర్రాలను గురించీ ఉన్న భాగమూ ఆయన పొడి అక్షరాలతోనే వచ్చాయి. విచారణ చేసిన ఆమె యాత్రికురాలుగా మిగిలింది, సిద్ధాంతం చెప్పే పీఠం ఆయనకు దక్కింది. 1986లో ఆమె దినచర్యలూ ఉత్తరాలూ అచ్చయిన తరువాతనే ఈ విజ్ఞానంలో ఆమె పాలు ఎంతో పాఠకులకు స్పష్టమైంది. గుర్రాలలో తల్లి పేరుకు అంత విలువ ఇచ్చిన సంప్రదాయాన్ని గురించిన పుస్తకంలోనే స్త్రీ మాట వెనుకకు పోవడం ఒక వైపరీత్యం.

కూతురు జూడిత్, లేడీ వెంట్‌వర్త్. 1917లో లేడీ అన్ కైరోలో మరణించింది. గుర్రాలు ఎవరివన్న విషయమై తండ్రీకూతుళ్ల మధ్య నడిచిన వ్యాజ్యం 1920లో ముగిసింది. క్రాబెట్ కూతురి చేతికి వచ్చింది. ఆమె మహాగ్రంథం 1945లో వెలువడింది. పేరును తెలుగులో చెప్పుకుంటే ‘ప్రామాణికమైన అరబ్బు గుర్రం, దాని సంతతి’. తల్లి రాసిపెట్టుకున్న సామగ్రిని అందులో వాడుకున్నది. గొప్ప శ్రమ, గొప్ప పఠనం, చిత్రసంపద, వాదపటిమ ఉన్న పుస్తకం. చదువుతుంటే గుర్రం కళ్లముందు నిలబడుతుంది.

మా అభ్యంతరం ఆ పేరులోని మొదటి మాటతో. తల్లి ‘ఫలానావారు చెప్పారు’ అన్నచోట కూతురు ‘ఇదే ప్రామాణికం’ అంటుంది. సాక్ష్యం తీర్పుగా మారింది. ఒక ఉదాహరణ చాలు. 1920లో లేడీ వెంట్‌వర్త్ స్కోవ్‌రోనెక్ అనే తెల్లని మగ గుర్రాన్ని కొన్నది. అది 1909లో ఆంతొనీనీలో పుట్టింది, పోలిష్ అశ్వశాలల సంతతి. దాని అందాన్ని కాదన్నవారు లేరు. కాని వంశావళిలోని ప్రతి గీతా ఎడారి గుడారం దాకా రుజువవుతుందా అన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ప్రతి గీతకూ ఎడారి సాక్ష్యం కావాలనే పెంపకందార్లలో ఒక వర్గం నేటికీ ఆ సంతతిని అంగీకరించదు. ఆమె మాత్రం దానిని సంశయం లేని శుద్ధజాతిగా వాదించింది. ఆ వాదనలో అబద్ధం ఉందని మేము అనడం లేదు. యజమాని, న్యాయవాది, న్యాయమూర్తి ముగ్గురూ ఒకరే అయినప్పుడు ఆ పుస్తకాన్ని ఎలా చదవాలో విద్యార్థి నేర్చుకోవాలని మాత్రమే అంటున్నాము.

శుద్ధత అన్న మాటకు కాగితం మీద ఖర్చు లేదు, ప్రాణం మీద ఉంది. మెచ్చిన గుర్రాన్ని దాని సంతతితోనే మళ్లీ కలపడం ఈ కళలో మామూలు. 1926లో పుట్టిన రాఫిల్స్‌కు తండ్రి స్కోవ్‌రోనెక్, తల్లికి తండ్రీ స్కోవ్‌రోనెక్కే. ఇటువంటి కలయికలు కోరిన రూపాన్ని స్థిరపరచగలవు, దాగిన దోషాన్నీ స్థిరపరచగలవు. అరబ్బు గుర్రపు పిల్లలలో రోగనిరోధక శక్తి పూర్తిగా లోపించే ఒక వంశపారంపర్య వ్యాధిని 1973లో గుర్తించారు. పిల్ల పుట్టినప్పుడు ఆరోగ్యంగానే కనబడుతుంది, తల్లిపాల రక్షణ తగ్గాక కొద్ది నెలలకే సాధారణ అంటురోగాలకు చనిపోతుంది. దోషం మోసే తల్లికీ దోషం మోసే తండ్రికీ పుట్టే ప్రతి పిల్లకూ ఈ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. 1997 నుంచి దీనికి జన్యుపరీక్ష ఉంది. పరీక్ష చేయించి దోషవాహకాల జతను మానుకుంటే ఆ పిల్లల చావు తప్పుతుంది. ఛాంపియన్ తండ్రి పేరు చెడుతుందని ఫలితాన్ని దాచే యజమాని ఉంటే, అతని వంశావళి ఎంత పొడవైనా అది సాక్ష్యం కాదు, ప్రకటన.

నేటి పోటీల పద్ధతి కూడా ఒక రకమైన విమర్శే. ఐరోపాలోని ప్రదర్శనలలో న్యాయనిర్ణేతలు జాతిలక్షణం, తలా మెడా, ఒళ్లూ వెన్నూ, కాళ్లు, నడక అని విభజించి ఒక్కొక్క దానికి 20 వరకు మార్కులు వేస్తారు. ఇది మన హయలక్షణ శాస్త్రానికి దూరపు బంధువు. మేలు ఏమిటంటే విభాగాల వల్ల కారణం చెప్పవలసి వస్తుంది. కీడు ఏమిటంటే కంటికి మొదట కనబడే లక్షణం తక్కినవాటిని మింగేస్తుంది. లోపలికి వంగిన ముఖం, పెద్ద కళ్లు మెప్పు పొందేకొద్దీ పెంపకందార్లు ఆ వంపునే పెంచుతూ పోయారు. ఎడారిలో దూరం పరుగెత్తడానికి పుట్టిన జంతువు ముఖం చూపించడానికి పుట్టినట్టయింది. అలంకారం కోసం అర్థాన్ని వదిలిన ప్రబంధాలు మనకు తెలియనివి కావు.

ఇక శాస్త్రం ఏమంటున్నది? 12 దేశాలలోని 378 అరబ్బు గుర్రాల జన్యువులను పరీక్షించిన పరిశోధన 2020లో వెలువడింది. మధ్యప్రాచ్యంలోని గుర్రాలలో వైవిధ్యం ఎక్కువగా, పూర్వికత సంక్లిష్టంగా ఉన్నట్టు తేలింది. ఇంగ్లీషు పందెపు గుర్రమైన థారోబ్రెడ్‌కు అరబ్బు గుర్రమే మూలమన్న నమ్మకానికి చెప్పుకోదగ్గ ఆధారం కనబడలేదు. పైగా నేడు బల్లపరుపు పందేలలో పరుగెత్తే అరబ్బు గుర్రాలలో థారోబ్రెడ్ రక్తం ఇటీవల కలిసినట్టు గట్టి ఆధారం దొరికింది. మూలస్థానంలో ఉన్నది ఏకరూపత కాదు, వైవిధ్యం. కాగితం మీద శుద్ధమన్నది ఒంట్లో మిశ్రమం కావచ్చు.

ఈ చర్చ మన విద్యార్థులకు ఎందుకని అడగవచ్చు. బెంగళూరులో, మదురైలో, బరంపురంలో, నాగపూరులో, యానాంలో తెలుగు చదివే పిల్లలు ‘మీది అసలైన తెలుగు కాదు’ అన్న మాట ఎప్పుడో ఒకప్పుడు విన్నవారే. కన్నడం కలిసిందనీ, అరవయాస ఉందనీ, ఒడియా పలుకుబడి వినబడుతుందనీ అంటారు. ‘ప్రామాణికం’ అన్న మాట గుర్రం మీద ఏ పని చేసిందో చూశాక, మన మీద ఏ పని చేస్తున్నదో గుర్తించడం సులభం. అయితే ఒక జాగ్రత్త. భాష రక్తం కాదు. పెంపకపు లెక్కలను మనుషులకు అన్వయించడం అజ్ఞానమే కాక ప్రమాదం కూడా. భాష పుట్టుకతో రాదు, విని నేర్చుకుంటే వస్తుంది. అందువల్ల ఈ గ్రంథాల నుంచి మనం తీసుకోవలసింది వంశసిద్ధాంతం కాదు, సాక్ష్యాన్ని పరీక్షించే పద్ధతి.

ఒక్క చరిత్రాంశం మాత్రం చెప్పకుండా ఉండలేము. 1920లో ఈజిప్టు రాజకీయ వ్యవసాయ సంఘం క్రాబెట్ నుంచి గుర్రాలను కొని కైరోకు తెప్పించుకున్నది. వాటిలో కజ్మీన్ ఒకటి. దాని కూతురు బింత్ సమీహాకు 1934లో పుట్టినదే నజీర్, ఈ శతాబ్దాల చరిత్రలో ఈజిప్టు గుర్రాలకు పేరు తెచ్చిన మగ గుర్రాలలో ముఖ్యమైనది. నేడు మూలదేశపు శుద్ధతకు గుర్తుగా చూపే ఆ వంశంలో పరదేశం పోయి తిరిగి వచ్చిన పాయ ఉంది. తంజావూరు నాయకుల కొలువులో యక్షగానం వికసించకపోతే, సరస్వతీ మహలు తెలుగు తాళపత్రాలను కాపాడకపోతే, తిరువైయారులో త్యాగరాజు పాడకపోతే నడిదేశపు తెలుగు ఎంత పేదదయ్యేదో ఆలోచించండి. ఇది రక్తసంబంధపు పోలిక కాదు, భద్రపరచిన చేతుల పోలిక.

తల్లీకూతుళ్ల గ్రంథాలలో మా ఓటు తల్లికే. కూతురి పుస్తకంలో వైభవం ఎక్కువ, తల్లి పుస్తకాలలో ఎవరు చెప్పారన్న మాట ఎక్కువ. మీ ఇళ్లలో పెద్దవాళ్ల మాటలూ, పాటలూ, వలస వచ్చిన కథలూ రాసుకునేటప్పుడు ఇది అసలైనదా కాదా అన్న తీర్పుతో మొదలుపెట్టవద్దు. ఎవరు చెప్పారు, ఎవరి దగ్గర విన్నారు, పక్కింటివారు మరోలా చెప్పారా అన్నది ముందు రాయండి. తేడా వస్తే రెండూ రాయండి. తీర్పు తరువాతి వారెవరైనా ఇచ్చుకోగలరు. సాక్షి పోయిన తరువాత సాక్ష్యాన్ని ఎవరూ తేలేరు.