జీతం నువ్వే చెప్పమ్మా

మా దగ్గర ఎం.ఏ. సైకాలజీ చదివిన అమ్మాయి ఈ వారం ఫోన్ చేసింది. స్పెషల్ స్కూల్లో ఉద్యోగం వచ్చిందట. ఇంట్లో వాళ్లేమో ‘పిల్లలకి బట్టలు తొడగడానికా ఎం.ఏ. చదివింది?’ అంటున్నారట. నాకు ఒళ్లు మండింది.

సరే, బట్టల సంగతే చూద్దాం. మేధో వైకల్యం ఉన్న ఎనిమిదేళ్ల పిల్లాడికి ఎలాస్టిక్ నిక్కరు తొడుక్కోవడం నేర్పాలి. ఇంట్లో, బడి ఆటోవాడు హారన్ కొడుతుంటే, అమ్మే తొడిగేసి పంపుతుంది. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? అలాగే ఏళ్లు గడిచిపోతాయి. పని తెలిసిన టీచరు చివర నుంచి మొదలుపెడుతుంది. రెండు కాళ్లూ తనే దూర్చి, నిక్కరు తుంటి దాకా లాగి ఆపేస్తుంది. మిగిలిన ఆ కాస్తా పిల్లాడు లాక్కోవాలి. లాక్కున్నాడా, పని పూర్తయింది, శభాష్ వాడిదే. అది పట్టుబడ్డాక తొడల దగ్గర ఆపుతుంది. తర్వాత మోకాళ్లు, ఆపైన చీలమండలు. వాడి పాఠం ఏ రోజూ ఓటమితో ముగియదు.

ఆమె నిలబడేది కూడా పిల్లాడి వెనక. అప్పుడే ఇద్దరి చేతులూ ఒకే వైపు కదులుతాయి. మొదట వాడి చేతుల మీద తన చేతులు వేస్తుంది. కొన్నాళ్లకి మణికట్టు పట్టుకుంటుంది, ఇంకొన్నాళ్లకి మోచేతిని తాకి ఊరుకుంటుంది. ఏ మెట్టు, ఎంత సాయం అని రోజూ రాసుకుంటుంది. బట్టలు ఎవరైనా తొడుగుతారు. తొడగడం మానడానికే చదువు కావాలి. మనస్తత్వవేత్త స్కిన్నర్ పేరు రాసి, ఎలుకా మీటా బొమ్మ గీసి క్లాసులో నేను చెప్పింది ఇదే.

ఐక్యూ అంకెతో నాకు పాత గొడవే ఉంది. ఆ అంకెకి మూలమైన పరీక్షని 1905లో పారిస్‌లో బినే, సిమోన్ తయారుచేసింది బడిలో ప్రత్యేక సాయం కావలసిన పిల్లల్ని గుర్తించడానికి. తెలివి ఇక పెరగదనే వాళ్ల మీద బినేనే విరుచుకుపడ్డాడు. మనవాళ్లు అంకె చూసి జాతకం చెప్పేస్తారు. వైకల్య సర్టిఫికెట్‌కి ఆ అంకె కావాలి, కాదనను. నిక్కరు ఎక్కడ ఆపాలో మాత్రం అది చెప్పదు.

ఇదంతా ఏకరువు పెట్టి, ‘చేరిపో తల్లీ, అసలు సైకాలజీ అక్కడే ఉంది’ అనబోయాను. ఏళ్లుగా అందరికీ చెప్పేది అదే కదా. అంతలో జీతం ఎంతన్నారని అడిగాను. ఆమె చెప్పిన అంకెకి మా వీధిలో మెస్సు ఖర్చు, గది అద్దె కలిపి వెళ్లవు. ‘పుణ్యం వస్తుందమ్మా’ అన్నారట యాజమాన్యం వాళ్లు.

పుణ్యంతో ఇంటద్దె తీరదు. అలా కుదిరిన టీచర్లు ఇంకో ఉద్యోగం దొరగ్గానే వెళ్లిపోతుంటారు. కొత్తావిడ వచ్చి పిల్లాడికి ఎదురుగా నిలబడుతుంది. మోకాళ్ల దాకా వచ్చిన పాఠం మళ్లీ తుంటి దగ్గర మొదలు. చౌక జీతం ఖరీదు కట్టేది వాడు.

అందుకే చేరమనలేదు. పైగా ఎం.ఏ. పట్టా ఒక్కటే ఈ రంగానికి చాలదు. 1992 నాటి చట్టం ప్రకారం, భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన కోర్సు చేసి రిజిస్టరులో పేరు ఎక్కించుకోవాలి. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది. ముందు అక్కడ కోర్సుల సంగతి కనుక్కోమన్నాను. కోర్సు పూర్తిచేసి ఇదే ఉద్యోగం అడుగు, జీతం మాత్రం నువ్వే చెప్పు అన్నాను. సార్ మాట మార్చారని నా పాత విద్యార్థులు నవ్వుకుంటారు. నవ్వుకోనీ, వాళ్లూ జీతం పెంచమని అడగాలి.